స్త్రీసౌందర్యము – కాలము చేతి కొలబద్ద

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగపాఠము)



పెండ్లిచూపులు జరుగు ఇంటిని ఒక్కసారి తలచుకొనుడు. ఉదయమే వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుదురు. ఇరుగుపొరుగుల నుండి కుర్చీలు తెప్పింతురు. తల్లి పిల్లకు తలదువ్వి, పూలు ముడిచి, పట్టుచీర కట్టి, ముఖమునకు ఒకటికి రెండుసార్లు పౌడరు అద్దును. పిల్ల ఫలహారపు పళ్ళెముతో వచ్చి తలవంచుకొని కూర్చుండును. వచ్చినవారి కన్నులు ఆమె చాయను, ఎత్తును, ఒడ్డును, జడ పొడవును, పలువరుసను, లేచి వెళ్ళునప్పుడు నడకను కొలుచుచుండును. వారు సాయంకాలపు బస్సుకు వెళ్ళిపోవుదురు. నాలుగు దినములకు మధ్యవర్తి చేత కబురు వచ్చును: "పిల్ల చాయ తక్కువ." కొన్ని యిండ్లకు "పిల్ల పీలగా ఉన్నది" అనియు, మరికొన్నిటికి "పిల్ల కొంచెము లావు" అనియు వచ్చును. చెప్పినవారు ఆ మాటను మరునాటికి మరతురు. వినిన పిల్ల మాత్రము అద్దము ముందు నిలువబడినప్పుడెల్ల, ఏండ్ల తరబడి, దానిని వినుచునే యుండును.

ఈ కొలబద్ద ఎక్కడనుండి వచ్చినది? దీనిని చేసినవారెవరు? ఇది ఎల్లకాలము ఇట్లే ఉండెనా? ఈ ప్రశ్నలకు సమాధానము ఊహలలో వెదకనక్కరలేదు. రాతిలోను, తాళపత్రములలోను, దేశాంతర చరిత్రలలోను సాక్ష్యములు చాలినన్ని కలవు.

ఆంధ్రదేశమున స్త్రీరూపమును గూర్చిన మిక్కిలి పాత సాక్ష్యములలో ఒకటి అమరావతి శిల్పము. కృష్ణాతీరమున ఆ స్తూపము క్రీస్తుపూర్వపు శతాబ్దులలో మొదలై, క్రీస్తుశకము మూడవ శతాబ్ది వరకు పెరిగినది. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచిన పిమ్మట లోకమునకు దాని సంగతి తెలిసినది. ఆ ఫలకములు నేడు కొన్ని చెన్నపట్టణపు ఎగ్మూరు మ్యూజియమునందును, కొన్ని లండనునగరపు బ్రిటిషు మ్యూజియమునందును ఉన్నవి. పొదిలివారు ఇట్టి బౌద్ధస్థలమునకై అంత దూరము పోనక్కరలేదు. దొనకొండ దరిని, గుండ్లకమ్మ యొడ్డున, చందవరమునందు 1970 దశకపు త్రవ్వకములలో ఒక గొప్ప స్తూపము బయల్పడినది.

అమరావతి ఫలకములలోని స్త్రీలు నిండైన వక్షము, సన్నని నడుము, విశాలమైన కటి, పొడవైన కాళ్ళు గలవారు. వారి మేన బట్ట కొంచెము, నగలు మెండు. కాళ్ళకు బరువైన కడియములు, నడుమున పేటలుపేటలుగా మొలనూళ్ళు. ఒక్కతెయును బిగిసి నిలువబడదు. తీగవలె వంగియో, ఒరిగియో ఉండును. ఆ కాలపు శిల్పులు అందమనగా నిండుదనమును సొంపును అని తలచిరి. అయితే ఆ రూపము ఆనాటి ప్రతి ఇల్లాలి రూపమని తలచుట పొరపాటు. అది శిల్పి నేర్చుకొన్న ఒరవడి. ఒక ఫలకమందలి రాణికిని, ఆమె చెంతనున్న చెలికత్తెకును ఒకే నడుము ఉండుటయే అందుకు గుర్తు.

శాతవాహనుల కాలమునకు చెందినదిగా చెప్పబడు మరియొక సాక్ష్యము హాలుని పేర వెలసిన గాథాసప్తశతి. ఇది ప్రాకృతమున ఏడువందల గాథల సంకలనము. అందలి స్త్రీలు ఎక్కువమంది పల్లెపడుచులు. ప్రత్తిచేనికి పోవువారు, పైరుకు కాపుండువారు, వంటయింట మసి అంటిన ముఖముగల ఇల్లాండ్రు. ఆ మసిముఖమును మచ్చగల చంద్రునితో పోల్చి భర్త మురిసిన గాథ యొకటి కలదు. పనిచేయు ఆడుదాని యందము పనివలన చెడదని ఆ కవులు ఎరుగుదురు.

ఇక మూడవ సాక్ష్యము శాసనములు. అమరావతి రాళ్ళమీద దానములు చేసినవారి పేర్లు చెక్కబడినవి. వారిలో భిక్షుణులును, గృహిణులును, కూతుండ్రును, కోడండ్రును ఎందరో కలరు. నాగార్జునకొండయందు ఇక్ష్వాకు రాజైన చాంతమూలుని సోదరి చాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభములు ప్రతిష్ఠించినట్లు శాసనములు చెప్పుచున్నవి. ఆ శాసనములందు ఆమె దానగుణము కలదు, ఆమె వంశము కలదు, ఆమె కోరిన పుణ్యఫలము కలదు. ఆమె మేనిచాయ లేదు, నడుము కొలత లేదు. ఒకే కాలపు రాళ్ళు రెండు విధములుగా మాటలాడుచున్నవి. శిల్పి యులి స్త్రీని చూచిన కంటిని చెప్పుచున్నది. శాసనము స్త్రీ చేసిన పనిని చెప్పుచున్నది. ఈ భేదమును మరువరాదు.

చాయ సంగతికి వత్తము. తెలుపే అందమను మాట నేడు ఇంటింట వేదవాక్యము వలె చెల్లుచున్నది. పూర్వమది అంత గట్టిగా లేదు. భారతకథకు ప్రాణమైన ద్రౌపదికి కృష్ణ యను పేరు ఆమె నల్లని చాయనుబట్టియే వచ్చినది. ఆమె స్వయంవరమునకు దేశదేశముల రాజులు వచ్చిరి. సంస్కృతమున శ్యామ యను మాట యౌవనవతియైన సుందరికిని చెల్లును. అజంతా గుహల గోడలమీద నల్లని చాయగల అంతఃపుర స్త్రీలను చిత్రకారుడు తెల్లని వారితో సమముగా మక్కువతో వ్రాసినాడు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి, 2021లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినది. ఆ గుడి చూరుల క్రింద నిలిచిన మదనికలు నిగనిగలాడు నల్లరాతి బొమ్మలు. అమరావతి స్త్రీలకంటె వీరు పొడగరులు, సన్నని మేనివారు. రమారమి వేయి సంవత్సరములలో తెలుగు శిల్పి కన్ను ఎంత మారినదో ఈ రెండు చోట్లను పోల్చిన చాలును.

క్రీస్తుశకము 640 ప్రాంతమున చైనా దేశపు బౌద్ధయాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చి, కొన్ని నెలలు నిలిచి శాస్త్రము చదివెను. ఇచ్చటి ప్రజలు పసుపు కలిసిన నలుపుచాయవారనియు, విద్యను మిక్కిలి ఆదరించువారనియు ఆయన వ్రాసెను. చాయను గూర్చి ఆయన కన్నులు చూచినది చెప్పెనే కాని అది లోపమని చెప్పలేదు. ఆ వాక్యమునందు నలుపును విద్యయును ప్రక్కప్రక్కనే కూర్చున్నవి.

శాస్త్రగ్రంథములు కొలబద్దను మరింత గట్టిచేసినవి. మనుస్మృతి మూడవ అధ్యాయమున పెండ్లాడదగని కన్యల పట్టిక యొకటి కలదు. కపిలవర్ణపు జుట్టు గలది, రోమములు మిక్కిలిగా గలది, రోగముగలది, వాచాలురాలు, ఇట్లు సాగును. పెండ్లాడదగిన కన్యకు హంసనడకయో, ఏనుగునడకయో ఉండవలెనని చెప్పబడినది. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో కన్యాలక్షణములను పాదముల నుండి శిరస్సు వరకు ఏకరువు పెట్టెను. అయితే ఆ గ్రంథమునందే స్త్రీప్రశంస యని మరియొక అధ్యాయము వ్రాసి, స్త్రీల దోషములనే యెంచు పురుషులను గట్టిగా మందలించెను. లక్షణములు చదివినవారు పెక్కురు. మందలింపు చదివినవారు తక్కువ.

కవులు ఈ లక్షణములకు పూలును పండ్లును తొడిగిరి. కన్నులు కలువలు, ముక్కు సంపెంగ, పెదవి దొండపండు, మెడ శంఖము, నడుము సింహపుది, తొడలు అరటిబోదెలు, నడక ఏనుగుది. నడుము ఉన్నదో లేదో యని సందేహించుట ప్రబంధకవులకు పరిపాటి. కృష్ణదేవరాయల ఆస్థానమందలి నంది తిమ్మనకు ముక్కును వర్ణించిన ఒక పద్యమువలననే ముక్కు తిమ్మన యను పేరు వచ్చినదనియు, వసుచరిత్రలో చేరిన ఆ పద్యమును రామరాజభూషణుడు ఆయనవద్ద కొనెననియు కథ చెప్పుకొందురు. ఒక ముక్కు కొరకు ఇద్దరు మహాకవుల పేర్లు కథ కెక్కుట తెలుగువారి రసికతకు చిహ్నమే. ఆ పద్యముల సొగసు కాదనదగినది కాదు. కాని ఆ వర్ణనలన్నిటిని అక్షరాల నమ్మి ఒక స్త్రీని నిలువబెట్టినచో అది సగము పూలతోట, సగము జంతుశాల యగును. ప్రబంధము చదివి ఆనందింపవలసినదే; దానిని పట్టుకొని పెండ్లిచూపులకు పోరాదు.

ఈ కొలబద్ద ఆడుదాని దేహమునకు ఏమి చేయగలదో తెలియుటకు హుయాన్‌త్సాంగ్ పుట్టిన దేశమును చూడవలెను. చైనా చరిత్ర ఈ విషయమున నిలువుటద్దము వంటిది.

క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దిలో చూ రాజ్యమును లింగ్ అను రాజు పాలించెను. ఆయనకు సన్నని నడుములనగా మిక్కిలి ఇష్టము. రాజు మెప్పు పొందుటకు కొలువులోని ఉద్యోగులే దినమునకు ఒక్కపూట తినిరనియు, ఊపిరి బిగబట్టి నడికట్టు బిగించుకొనిరనియు, గోడ పట్టుకొని గాని లేవలేకపోయిరనియు ప్రాచీన గ్రంథములు చెప్పుచున్నవి. రాజు సన్నని నడుమును మెచ్చగా అంతఃపురమున ఎందరో ఆకలిచే చచ్చిరను సామెత ఆ దేశమున నిలిచినది. కొలబద్ద పట్టినవాడు ఒక్కడు. కడుపు మాడ్చుకొన్నవారు వందలు.

హాన్ వంశపు చక్రవర్తి చెంగ్ క్రీస్తుపూర్వము 33 నుండి 7 వరకు ఏలెను. ఆయన రాణి ఝావ్ ఫెయ్‌యెన్ మిక్కిలి సన్నని మేని నాట్యకత్తె. ఆమె పేరునకు ఎగురు వానకోవెల యని అర్థము. అరచేతిలో ఆడగలంత తేలిక యని ఆమెను గూర్చి కథలు పుట్టినవి. ఏడు శతాబ్దులు గడచినవి. తాంగ్ వంశపు కాలమున అదే దేశము నిండైన బుగ్గలను, బొద్దైన మేనులను మెచ్చుకొన్నది. ఎనిమిదవ శతాబ్దపు సమాధులలో దొరకిన మట్టిబొమ్మలలోని దొరసానులు గుండ్రని ముఖములతో, వదులైన దుస్తులతో నిండుకుండలవలె నిలిచియున్నారు. ఆ కాలపు ప్రసిద్ధ సుందరి యాంగ్ గ్వెయ్‌ఫెయ్ నిండైన మేని గలదని చెప్పుదురు. 756లో తిరుగుబాటు వేళ సైనికులు పట్టుబట్టగా ఆమెకు మరణము విధింపబడినది. రాజ్యము చేసిన తప్పులకు ఒక సుందరి మెడ బలియైనది. ఒక దేశము, ఒకే జాతి. కాని సన్నదనము ఒక కాలమున అందము, లావు మరియొక కాలమున అందము. ఏది శాశ్వతము?

అటుపిమ్మట వచ్చినది పాదబంధనము. పదవ, పదునొకండవ శతాబ్దుల ప్రాంతమున రాచకొలువుల నాట్యకత్తెల యొద్ద మొదలై, సుంగ్ వంశపు కాలమున పెద్ద ఇండ్లకును, ఆ తరువాతి శతాబ్దులలో సామాన్యుల ఇండ్లకును ఇది వ్యాపించినది. ఆడుదాని పాదము మూడంగుళముల బంగారు తామర వలె ఉండవలెనని నియమము. నాలుగేండ్ల నుండి ఏడేండ్ల లోపు బిడ్డను కూర్చుండబెట్టి, బొటనవ్రేలు తప్ప తక్కిన వ్రేళ్ళను అరికాలి క్రిందికి మడచి, పొడవైన గుడ్డతో దినదినము బిగింతురు. క్రమముగా ఎముకలు వంగి విరుగును. చీము పట్టుటయు, వ్రేళ్ళు రాలిపోవుటయు కలదు. ఆ బిడ్డ జన్మాంతము మడమలమీద తడబడుచు నడువవలసినదే. ఆ తడబాటునే కవులు గాలికి ఊగు కొమ్మతో పోల్చి మెచ్చుకొనిరి.

ఇందలి ఘోరము మరియొకటి. ఆ కట్టు కట్టినది శత్రువు కాదు, సాధారణముగా కన్నతల్లి. బిడ్డ ఏడ్చుచుండగా తల్లియు ఏడ్చుచు కట్టును. ఏలయనగా చిన్నపాదము లేని పిల్లకు మంచి సంబంధము రాదు. ఇంట కూర్చుండి నూలు వడకుట మొదలైన చేతిపనులకు చిన్నబిడ్డలను కదలకుండ నిలుపుటయు దీనికొక కారణమని ఇటీవలి పరిశోధకులు కొందరు చెప్పుచున్నారు. కారణ మేదైనను, తల్లికి క్రూరత్వము లేదు, భయము కలదు. పెండ్లిచూపులనాడు పిల్ల ముఖమునకు రెండవసారి పౌడరు అద్దు తెలుగు తల్లి చేతిలోను ఆ భయమే కలదు. పౌడరు ఎముకను విరువదు, అంతమాత్రమే భేదము.

అట్టి ఆచారము ఎట్లు పోయినది? 1902లో చక్రవర్తి కొలువు దానిని మానుమని ఆజ్ఞ వెలువరించెను. 1912లో గణరాజ్యము నిషేధించెను. ఆజ్ఞలకు తోడు ఊళ్ళలో సంఘములు వెలసినవి. వాని సభ్యులు రెండు ప్రమాణములు చేసిరి: తమ కూతుండ్ర పాదములు కట్టమనియు, పాదములు కట్టిన పిల్లను తమ కొడుకులకు చేసికొనమనియు. రెండవ ప్రమాణములోనే కిటుకంతయు ఉన్నది. కూతురుగలవాడు ఒక్కడే ఆచారము విడిచిన అతని బిడ్డకు పెండ్లి కాదు. కొడుకుగలవారు కోరుట మానిన నాడు తల్లికి కట్టవలసిన అవసరమే తీరును. ఉత్తర చైనాలోని తింగ్‌షియెన్ ప్రాంతపు లెక్కలు చూడుడు. అచ్చట 1890కి ముందు పుట్టిన స్త్రీలలో నూటికి 99 మందికి పాదములు కట్టబడినవి. 1919 తరువాత పుట్టినవారిలో ఒక్కతెకును కట్టబడలేదు. తొమ్మిది వందల ఏండ్ల ఆచారము ఒక్క తరములో నేల గలిసినది.

మరల తెలుగునేలకు వత్తము. ఇరువదవ శతాబ్దిలో కొలబద్ద కవుల చేతినుండి పత్రికలకును, సినిమాకును మారినది. వడ్డాది పాపయ్య చిత్రములు చందమామ, యువ పత్రికల ముఖపత్రములమీద ఇంటింటికి వచ్చినవి. బాపు కుంచె గీసిన వాలుజడ, పెద్దకన్నులు, సన్నని నడుము చూచి "బాపుబొమ్మ వలె ఉన్నది" అనుట మెప్పుమాట యైనది. 1938లో మాలపిల్ల చిత్రమునాటి కాంచనమాలయు, 1957లో మాయాబజార్ చిత్రమున శశిరేఖయైన సావిత్రియు గుంటూరు సీమ బిడ్డలే. ఆ కాలమున ప్రేక్షకులు నిండైన ముఖమును చూచి మురిసిరి. కొన్ని దశాబ్దులు గడచునప్పటికి వెండితెర సన్నదనమునే కోరినది. ఆ సావిత్రి ముఖమును నేటికిని తలచి కంటతడి పెట్టు ఇంటిలోనే, అట్టి నిండు ముఖముగల పిల్లను లావని వెనుకకు పంపుట వింత గాదా?

తెలుపు పిచ్చికి వ్యాపారము తోడైనది. తెల్లదనమును సూచించు మాటను పేరులోనే పెట్టుకొని 1975లో దేశమున అంగడికి వచ్చిన లేపన మొకటి, మారుమూల పల్లె కొట్టులో సయితము చిన్న పొట్లములలో దొరకునట్లు వ్యాపించినది. లోకమున నిరసన పెరుగగా 2020లో దాని తయారీదారులే ఆ మాటను పేరునుండి తీసివేసిరి. డబ్బామీది మాట పోయినది. మనసులోని మాట పోవలసియున్నది.

ఈ పిచ్చికి మూలమేమి? ఎండలో పనిచేయువారి మేను నలుపెక్కును. నీడపట్టున ఉండువారి మేను తెలుపు నిలుపుకొనును. అందుచే తెలుపు కలిమికిని, నలుపు కాయకష్టమునకును గుర్తులైనవి. దానికి కులగర్వము తోడైనది; తెల్లదొరల యేలుబడి తోడైనది. తిండికి కరవైన కాలములందు నిండు మేను కలిమికి గుర్తు. తిండి దొరకిన కాలమున సన్నని మేను నాగరికతకు గుర్తు. అనగా జనులు మెచ్చునది మేనిని కాదు, మేనిమీద కనబడు కలిమిని. "తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు" అను అమాయకత్వమునకు ఇది పెద్దన్న.

గుంటూరు, ప్రకాశము సీమల రైతునకు ఈ విషయము ఒకరు చెప్పనక్కరలేదు. నల్లరేగడి చెక్క అమ్మకమునకు వచ్చిన "చాయ తక్కువ" యని ఏ రైతును వెనుకకు పోడు. ఆ నలుపులోనే తేమ నిలుచుననియు, ఆ నల్లనేలయే తెల్లని ప్రత్తిని, ఎఱ్ఱని మిరపను ఇచ్చుననియు అతడెరుగును. నేలను సారము చూచి కొనువాడు, కోడలిని పైచాయ చూచి కాదనుచున్నాడు. మాఘమాసపు ఎండలో నడుము వంచి మిరపకాయ కోయు ఆడుబిడ్డ మేను నలుపెక్కిన, అది ఆ ఇంటి అన్నపు రంగు.

పైచాయ కొలుచుటలో మునిగి చూడవలసిన కొలత మరచుట మరియొక నష్టము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదు. అదే సర్వేలో మూడింట ఒక వంతునకు పైగా స్త్రీలు ఉండవలసిన బరువును మించియున్నారు. పాలిపోయిన ముఖమును తెలుపని మురియు ఇంట రక్తములేమి కంటబడదు. చాయ కొరకు లేపనము కొను డబ్బు ఆకుకూరకును, గ్రుడ్డుకును, పప్పుకును, వైద్యుడు చెప్పిన ఇనుపధాతువు మాత్రకును పోయిన, పిల్లకు మేలు. లావు తగ్గవలెనని అన్నము మాని కూర్చుండు పిల్లయు, చూ రాజ్యపు కొలువులో గోడ పట్టుకొని లేచిన ఉద్యోగియు ఒక్కటే బడివారు. బరువు తగ్గింపవలసినచో అది ఆరోగ్యము కొరకు, తగిన తిండితోను నడకతోను; పరుల కంటి కొరకు ఆకలితో గాదు.

చివరకు మరియొక యాత్రికుని మాట. పదుమూడవ శతాబ్ది చివర చైనానుండి స్వదేశమునకు మరలిన మార్కోపోలో తన గ్రంథమున మోటుపల్లి రాజ్యమును వర్ణించెను. ఒంగోలునకు అనతిదూరమున సముద్రతీరమునందున్న ఆ రేవు కాకతీయులది. అచ్చటి సన్నని నూలుబట్టలను, వజ్రములను ఆయన మెచ్చుకొనెను. ఆ రాజ్యమును ఏలిన రాణిని గూర్చియు వ్రాసెను. ఆమె రుద్రమదేవి యని చరిత్రకారులు తలచుచున్నారు. గణపతిదేవుని కూతురైన ఆమెను ఆయన రాజు విధవ యని పొరపడెను. కాని ఆమె వివేకవతి యనియు, న్యాయమును శాంతిని ప్రేమించునదనియు, ప్రజలు ఆమెను మిక్కిలి అభిమానించిరనియు వ్రాసిన దానిలో పొరపాటు లేదు. ఆమె చాయ యెట్టిదో, నడుము ఎంతటిదో ఆయన వ్రాయలేదు; ఏడువందల ఏండ్లుగా అది లోటని ఎవరికిని తోచలేదు.

ఆ సీమయందే, ఒంగోలు దరి దొడ్డవరమున 1925లో పుట్టిన భానుమతి నటి, గాయని, దర్శకురాలు, స్టూడియో యజమానురాలు. ఈమె వ్రాసిన అత్తగారి కథలు గ్రంథాలయములలో చదువరుల చేతులలో నలిగినవి. వాని పుటలు త్రిప్పి నవ్వుకొను పాఠకుడు వ్రాసిన చేతి రంగును తలచునా? చాంతిశ్రీకి స్తంభము, రుద్రమకు న్యాయము, భానుమతికి పాటయు కలమును నిలిచినవి. కొలబద్దలు వచ్చినవి, పోయినవి.

కావున ఈ రజతోత్సవ వేళ కోరదగినది పెద్ద కార్యము కాదు. చైనా పల్లెలలోని ఆ సంఘములవారు చేసిన రెండవ ప్రమాణము వంటిది చాలును. కొడుకుగల తల్లిదండ్రులు పెండ్లిచూపులకు పోవునప్పుడు చాయను, ఒడ్డును గూర్చి మాటలాడమని నిశ్చయించుకొనవలెను. సంబంధము కుదరనిచో కుదరలేదని మర్యాదగా చెప్పవచ్చును. కారణముగా పిల్ల మేనిని చూపరాదు. ఇంటిలోని పెద్దలు మనుమరాండ్రను "నల్లపిల్ల", "బొండుపిల్ల" అని ముద్దుగానైనను పిలువరాదు; ముద్దుపేరు మాయని పేరగును. ఆడపిల్లలును ఒకటి గ్రహింపవలెను. అద్దము అబద్ధమాడదు గాని, అద్దములో చూచు కన్ను పరులు నేర్పిన కన్ను. దానిని సొంతము చేసికొనుటకు చదువును మించిన ఉపాయము లేదు.

పదమూడువందల ఏండ్లకు పైబడిన కాలము క్రిందట ఒక పరదేశి ఈ నేలవారిని చూచి నల్లనివారనియు, విద్యను ఆదరించువారనియు వ్రాసిపోయెను. ఆ రెండు మాటలును నిందలు కావు. మొదటిదానికి సిగ్గుపడుట మాని, రెండవదానిని నిలుపుకొనుటయే గ్రంథాలయము గల ఊరికి శోభ. ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగునాటికి, ఈ ఊరిలో ఏ ఆడపిల్లయు "చాయ తక్కువ" యను మాట విని యెరుగదని ఆ సభలో చెప్పుకొను భాగ్యము కలుగుగాక!